“సౌండ్ ఓకేనా?” అని చివర్లోనే ఎందుకు అడుగుతారు: షూటింగ్ స్పాట్ జోకుల వెనక లెక్కలు

హైదరాబాద్‌లో ఏ షూటింగ్ స్పాట్‌లోనైనా సౌండ్ డిపార్ట్‌మెంట్ మీద కొన్ని జోకులు రెడీగా ఉంటాయి. బూమ్ (చివర మైకు కట్టిన పొడవాటి కర్ర) పట్టుకున్న కుర్రాడు కనపడగానే “బూజుకర్ర వచ్చింది, ఆ మూల కూడా దులిపెయ్ తమ్ముడూ” అంటారు లైట్‌బాయ్స్. గాలి కొట్టకుండా మైకుకి తొడిగే బొచ్చు కవర్‌ని చూసి కాలనీ పిల్లలు “అన్నా, గది పిల్లినా?” అని అడుగుతారు. సౌండ్ వాళ్లు తమలో తాము చెప్పుకునేవి ఇంకో రకం: “లైటింగ్‌కి గంట పడితే దాన్ని లైటింగ్ అంటారు. మాకోసం నిమిషం ఆగితే దాన్ని లేటు అంటారు.”

ఉత్త సరదా మాటలే అయితే వీటి గురించి ఇంత రాయక్కర్లేదు. ఓటీటీ వచ్చాక “డైలాగు అర్థం కాలేదు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాం” అనే ఫిర్యాదు తెలుగు సినిమాలకీ వచ్చింది. ఒకరు సింక్ సౌండ్‌ని (సెట్లో పట్టిన మాటనే సినిమాలో వాడే పద్ధతిని) తిడతారు, ఇంకొకరు డబ్బింగ్‌ని తిడతారు. సెట్లో పుట్టే జోకులు ఆ గొడవలోంచి రాలిన ముక్కలే. విప్పి చూస్తే అన్నిటి అడుగునా ఒకటే సంగతి. కెమెరా, లైటింగ్, ఆర్ట్, మేకప్, కాస్ట్యూమ్స్ పని మానిటర్లో అందరికీ కనపడుతుంది. సౌండ్ పని మాత్రం ఒకరిద్దరి హెడ్‌ఫోన్స్‌లో ఉండిపోతుంది. చప్పుడు అన్ని శాఖలూ చేస్తాయి, అది వినపడేది ఒక్క శాఖకి, షాట్ ఆపే అధికారం ఆ శాఖకి లేదు. అందుకే షాట్ అయ్యాక కనపడే పనులన్నీ చూసుకుని, చివర్లో “సౌండ్ ఓకేనా?” అని అడుగుతారు.

పైలట్ ట్రాకా, సింక్ సౌండా: ముందు ఇది తేలాలి

షూటింగ్‌లో రికార్డయిన మాటకి రెండు గతులుంటాయి. అదే చివరికి థియేటర్లో వినపడితే సింక్ సౌండ్. డబ్బింగ్‌లో ఆర్టిస్టు విని పట్టుకోడానికీ, ఎడిటర్ సీను కోసుకోడానికీ ఆనవాలుగా మాత్రమే వాడి తర్వాత తీసేస్తే పైలట్ ట్రాక్. పైలట్‌లో కుక్క మొరిగినా, అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు అందించినా, డైరెక్టర్ షాట్ మధ్యలో “కొంచెం ఎడమకి తిరుగమ్మా” అన్నా నష్టం లేదు. సింక్‌లో ఇందులో ఏది జరిగినా ఆ టేకు పోయినట్టే, లేదా ఆ మాట వరకూ ఇంకో టేకు నుంచి తెచ్చి అతికించాలి.

యూనిట్లో చాలామందికి ఇవాళ తీస్తున్నది ఏ రకమో తెలియదు. నిన్నటి సినిమా డబ్బింగ్‌ది, ఇవాళ్టిది సింక్‌ది. అలవాట్లు నిన్నటివే. సగం చిరాకులు ఇక్కడ మొదలవుతాయి.

సౌండ్ టీమ్ అంటే మామూలుగా ముగ్గురు. లెవెల్స్ (శబ్దం ఎంత బలంగా పడుతోందో) చూసుకుంటూ రికార్డర్ దగ్గర కూర్చునే రికార్డిస్ట్, బూమ్ పట్టే ఆపరేటర్, బట్టల్లో దాచే చిన్న ల్యాపెల్ మైకులు కట్టి బ్యాటరీలు మార్చే అసిస్టెంట్. చిన్న బడ్జెట్‌లో ఇద్దరే. ఆ పని కూడా ఒక్కడి మీదే పెట్టే వెబ్‌సిరీస్‌లు ఉన్నాయి. అక్కడ బూమ్ ఆపరేటర్ మెడలో రికార్డర్ వేలాడుతుంది, లెవెల్స్ దేవుడు చూసుకుంటాడు.

డబ్బింగ్ మొదటి నుంచీ ఉన్న పద్ధతి కాదు. 1931లో తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’, 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన రోజుల్లో మాటా పాటా అంతా అక్కడికక్కడే రికార్డు చేసేవాళ్లు. బొంబాయిలో స్టూడియో పక్కన రైలు పట్టాలుండటంతో ‘ఆలం ఆరా’ని ఎక్కువగా అర్ధరాత్రి దాటాక తీశారు. తర్వాత అవుట్‌డోర్‌కి మోసుకెళ్లడానికి వీలైన ఆరి 2సి లాంటి చిన్న కెమెరాలు వచ్చాయి. అవి తిరుగుతుంటే కుట్టుమిషన్ నడిచినట్టే. ఆ మోతలో డైలాగు పట్టడం కుదరక డబ్బింగ్ అలవాటయింది. డిజిటల్ కెమెరాలతో ఆ మోత పోయింది, ఫ్యాన్ మిగిలింది. ఏప్రిల్, మే ఎండల్లో కెమెరా బాడీ వేడెక్కితే లోపలి ఫ్యాన్ స్పీడు పెరుగుతుంది. రికార్డింగ్ నడిచేటప్పుడు స్పీడు తగ్గి, కట్ చెప్పాక పెరిగేలా సెట్టింగ్ ఉంటుంది. అది మార్చాలంటే కెమెరా అసిస్టెంట్‌ని అడగాలి, అతనికేమో సెన్సర్ వేడి భయం. ఇద్దరి భయమూ న్యాయమైనదే.

“నాకేమీ వినపడలేదే”

సౌండ్ వాళ్లకి అన్నిటికంటే ఎక్కువ మండేది ఈ మాటే. అన్నవాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకి నిజంగానే వినపడలేదు. మనిషికి రెండు చెవులుంటాయి కాబట్టి మెదడు శబ్దం వచ్చే దిక్కు కట్టి, కావలసిన మాట మీద దృష్టి పెట్టి మిగతాది వెనక్కి నెట్టేస్తుంది. గంట నుంచి తిరుగుతున్న ఏసీని అసలు లెక్కలోకే తీసుకోదు. మైకుకి ఆ తెలివి లేదు. మాటనీ ఏసీనీ కలిపి ఒకే తీగ మీద పంపిస్తుంది. మీరు కూర్చున్న గదిలో ఫోన్ బల్ల మీద పెట్టి నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. లేదనుకున్న సీలింగ్ ఫ్యానూ, పక్కింటి మిక్సీ, రోడ్డు హోరూ అన్నీ అందులో ఉంటాయి.

అందుకే కిచెన్ సీను అంటే సౌండ్ అసిస్టెంట్ ముందు వెతికేది ఫ్రిజ్ ప్లగ్ కోసం. కంప్రెసర్ టేకు మధ్యలో ఆన్ అయితే అక్కడి నుంచి సీను రంగే మారిపోతుంది. ఆపడం తేలిక, మళ్లీ వేయడం గుర్తుండదు. అద్దెకిచ్చిన ఇంటివాళ్ల పాలూ పెరుగూ పాడైతే ఆ గొడవ ప్రొడక్షన్ మేనేజర్ దాకా వెళ్తుంది. దీనికి ప్రపంచమంతటా సౌండ్ వాళ్లు వాడే ఉపాయం ఒకటుంది. ఫ్రిజ్ ఆపినవాడు తన బండి తాళం ఫ్రిజ్‌లో పెడతాడు. అది తియ్యకుండా ఇంటికి పోలేడు కదా.

“బూమ్ పైకి, ఇంకొంచెం పైకి”: అడుగు దూరానికి ఎంత ఖరీదు

శబ్దం దూరంతో ఎలా తగ్గుతుందో ఒక్క సూత్రం చాలు: దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పడిపోతుంది. మామూలుగా మాట్లాడే మనిషి గొంతు మీటరు దూరంలో 60 డెసిబెల్స్ అనుకుందాం. గదిలో ఏసీ హోరు 45. ఏసీ హోరు గదంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి మైకు ఎక్కడున్నా దాదాపు అంతే.

క్లోజప్‌లో మైకు నోటికి అరమీటరులో ఉంటే గొంతు 66, హోరు 45, తేడా 21. మాట శుభ్రంగా నిలబడుతుంది. అదే కెమెరామెన్ ఫ్రేము పెద్దది చేసి “హెడ్‌రూమ్ (తల పైన ఖాళీ) కావాలి, బూమ్ పైకి” అంటే మైకు 2 మీటర్లకి వెళ్తుంది. గొంతు 54, హోరు మాత్రం అదే 45. తేడా 9. రికార్డిస్ట్ లెవెల్ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, తేడా పెరగదు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 లాంటి షాట్‌గన్ మైకు పక్కల నుంచి వచ్చేదాన్ని కొంత తగ్గిస్తుంది. కానీ దూరం చేసిన నష్టాన్ని పూడ్చలేదు, పైగా చిన్న గదిలో గోడల నుంచి తిరిగొచ్చే మాట దానికి సరిగా పడదు. ఇంట్లో సీన్లకి హైపర్‌కార్డియాయిడ్ అనే ఇంకో రకం మైకు వాడటానికి కారణం అదే.

రెండు కెమెరాలు పెట్టి ఒకటి వైడ్, ఒకటి టైట్ ఒకేసారి తీస్తే ఈ లెక్క ఇంకా చెడుతుంది. వైడ్ కోసం బూమ్ పైకి పోతుంది, క్లోజప్‌లో మొహం ఇక్కడా గొంతు ఎక్కడో ఉంటుంది. టైమ్ కలిసొస్తుందని రెండో కెమెరా పెడతారు, ఆ మాట నిజమే. ఆ టైమ్‌లో కొంత డబ్బింగ్ థియేటర్లో తిరిగి కట్టాల్సి వస్తుంది, ఆ బిల్లు వేరే ఖాతాలో పడుతుంది కాబట్టి సెట్లో ఎవరికీ కనపడదు.

నీడ సంగతి కూడా ఉంది. కీ లైట్ (మొహం మీద పడే ముఖ్యమైన లైటు) పడే వైపు నుంచి బూమ్ వస్తే గోడ మీద నీడ పడుతుంది. మంచి బూమ్ ఆపరేటర్ లైటింగ్ అవుతున్నప్పుడే ఏ లైటు ఎటు నుంచో చూసుకుంటాడు, లెన్సు ఎంతో కనుక్కుంటాడు, డైలాగు పేపరు చదువుకుంటాడు. ఇద్దరి మధ్య సంభాషణలో ఎవరి మాట ముందో తెలియకపోతే మైకు తిరిగేసరికి మొదటి అక్షరం పోతుంది.

పట్టుచీర, నల్లపూసలు, ల్యాపెల్ మైకు

బూమ్ అందని చోట ఒంటి మీద ల్యాపెల్ పెడతారు. మైకు తల మందం నాలుగైదు మిల్లీమీటర్లు. ఛాతీ ఎముక దగ్గర, గడ్డానికి జానెడు కింద పెడితే గొంతు బాగా పడుతుంది. మన కథల్లో ఇల్లాలి పాత్రకి సరిగ్గా ఆ చోటే మంగళసూత్రాలూ నల్లపూసలూ వేలాడతాయి. ఊపిరి తీసినప్పుడల్లా సూత్రం మైకుకి తగులుతుంది. మానిటర్ చూసేవాళ్లకి ఏమీ తెలియదు, హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఎవరో చెంచాతో కొట్టినట్టుంటుంది.

గుడ్డ చప్పుడు రెండు రకాలు, ఈ తేడా తెలియక చాలా టైమ్ పోతుంది. గుడ్డ మైకు తలకి రాసుకునేది ఒకటి. దీనికి మందుంది: మైక్రోపోర్ టేపుని జిగురు బయటికొచ్చేలా ముక్కోణంగా మడిచి, మైకుకి ఇటొకటి అటొకటి పెట్టి, గుడ్డకీ ఒంటికీ అతికిస్తే మూడూ కలిసి కదులుతాయి, రాపిడి ఉండదు. తీగని మైకు కిందే చిన్న చుట్టు చుట్టి ఇంకో టేపు వేస్తే, కింద లాగినా ఆ కుదుపు పైకి రాదు. రెండో రకం గుడ్డ గుడ్డకే రాసుకునేది. జరీ అంచు పట్టుచీర నడిస్తే వచ్చే గరగర ఇదే. ఇది గాల్లోంచి వచ్చే నిజమైన శబ్దం, ఏ టేపూ ఆపలేదు. ఆ చీర అలాగే ఉంటే ఆ చప్పుడూ అలాగే ఉంటుంది.

అందుకని మైకు వేరే చోటు వెతుక్కుంటుంది. జాకెట్టు మెడ లోపలి అంచు ఒకటి. భుజం మీద పమిట కుచ్చిళ్లకి పిన్ను పెట్టే చోటు ఇంకొకటి, కానీ ఆవిడ అటు తిరిగి మాట్లాడితే గొంతు మసకబారుతుంది. జుట్టు మొదట్లో, నుదుటి దగ్గర దాచడం మూడోది. హెయిర్‌డ్రెస్సర్ సాయం లేకుండా కుదరదు. గాజులకి మధ్య మధ్య పల్చటి పారదర్శక టేపు చుట్టడం, కాళ్లు ఫ్రేములో లేనప్పుడు పట్టీలు తీసెయ్యమనడం కాస్ట్యూమ్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోవలసినవి. షాట్ రెడీ అయ్యాక అడిగితే “కంటిన్యుటీ పోతుంది” అనే జవాబు వస్తుంది, అదీ నిజమే. చెమట ఇంకో శత్రువు. మైకు తలలో చుక్క చేరితే ఉన్నట్టుండి మాట మందగిస్తుంది, ఆరబెట్టడమో మార్చడమో తప్ప దారి లేదు.

ఆడవాళ్లకి మైకు కట్టేటప్పుడు మహిళా అసిస్టెంటో కాస్ట్యూమ్స్ ఆవిడో ఉండాలి, ఎక్కడ పెడుతున్నామో ముందు చెప్పి “మేడమ్, పెట్టమంటారా?” అని అడగాలి. సౌండ్ టీముల్లో ఆడవాళ్లు తక్కువ కాబట్టి ఆ మనిషి దొరికే దాకా ఆగడం కూడా “సౌండ్ లేటు” ఖాతాలోనే పడుతుంది.

ల్యాపెల్ మాటని రికార్డర్‌కి పంపే ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో ఉండగా ఆర్టిస్టు కారవాన్‌కి వెళ్లిపోవడం మామూలు. నిర్మాత మీద విసుగు, పారితోషికం గొడవ, బాత్రూమ్ తలుపు, అన్నీ రికార్డిస్ట్ చెవిలో. బ్రేక్ చెప్పగానే ఆ ట్రాక్ ఫేడర్ (వాల్యూమ్ మీట) కిందికి దించెయ్యడం ఈ వృత్తిలో రాయని నియమం. “ఈ సినిమా గురించి మీకు తెలిసింది ఎవరికీ తెలీదు కదన్నా” అని రికార్డిస్ట్‌ని ఆటపట్టించడమూ అంతే రాయని నియమం.

ఊరు చేసే చప్పుడు

సారథి స్టూడియోస్ 1950లలో కట్టినప్పుడు అమీర్‌పేట ఊరి అంచు. ఇప్పుడు అక్కడ రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. అన్నపూర్ణ స్టూడియోస్ కట్టేటప్పుడు బంజారాహిల్స్ రాళ్ల గుట్ట. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ దూరంగా ఉండటం వల్ల కొంత నయం. ఎక్కడైనా పాత ఫ్లోర్లు (సెట్లు వేసే పెద్ద హాళ్లు) ఎక్కువగా డబ్బింగ్ కాలంలో కట్టినవి. వెలుతురు రాకుండా చూశారు గానీ చప్పుడు రాకుండా చూడాలని ఎవరూ అడగలేదు. రేకుల కప్పు మీద వాన పడితే సింక్ సీను ఆపేయడమే.

చప్పుళ్లలో ఒకేలా సాగేవీ, వచ్చిపోయేవీ అని రెండు జాతులు. ఏసీ, దూరపు ట్రాఫిక్ హోరు మొదటి జాతి. తర్వాత మిక్సింగ్‌లో కొంతవరకు తగ్గించొచ్చు, అతుకుల మధ్య అదే హోరు పరచొచ్చు. అందుకే సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. రూమ్ టోన్ అంటారు. ఆ 30 సెకన్లలో ఎవరో ఒకరికి దగ్గొస్తుంది. అది ప్రకృతి ధర్మం.

రెండో జాతి ప్రమాదకరం. పొద్దున చెత్త ఆటో పాట, “పాత ఇనుప సామాను” అని స్పీకర్ పెట్టుకొచ్చే బండి, కుక్కర్ విజిల్, ఎండాకాలం కోయిల, బోనాలకీ వినాయక నిమజ్జనానికీ డీజేలు, దుండిగల్, హకీంపేట వైపు వైమానిక దళం శిక్షణ విమానాలు. అజాన్‌కి, గుడి మైకుకి వేళలు తెలుసు కాబట్టి తెలివైన అసిస్టెంట్ డైరెక్టర్లు వాటి చుట్టూ షెడ్యూల్ వేసుకుంటారు. విమానానికి అలాంటి మర్యాద లేదు.

“మాట స్పష్టంగానే ఉంది కదా, ఫ్లైట్ ఉంటే ఏంటి?” అంటారు. చిక్కు ఆ టేకులో ఉండదు, ఎడిటింగ్‌లో ఉంటుంది. హీరో క్లోజప్ తీసినప్పుడు విమానం దగ్గరికొస్తోంది, హీరోయిన్ క్లోజప్ తీసినప్పుడు లేదు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తే విమానం అతని మొహం మీద ఎగిరి, ఆమె మొహం మీద మాయమై, మళ్లీ అతని దగ్గర ప్రత్యక్షమవుతుంది. ప్రేక్షకుడికి కారణం తెలియదు, సీను అతకలేదని మాత్రం తెలుస్తుంది.

జనరేటర్ వ్యాన్ పంచాయితీ వేరు. 25 మీటర్ల నుంచి 100 మీటర్లకి జరిపితే దూరం రెండుసార్లు రెట్టింపవుతుంది కాబట్టి మోత దాదాపు 12 డెసిబెల్స్ తగ్గుతుంది. కానీ అంత కేబుల్ లాగితే వోల్టేజ్ పడుతుంది, లాగేవాళ్ల చేతులు పడిపోతాయి. జనరేటర్ ఆపరేటర్ విసుక్కుంటే అందులో న్యాయముంది. గోడకో బస్సుకో చాటుగా పెట్టడం ఇద్దరికీ సరిపోయే మధ్యేమార్గం. హెచ్‌ఎమ్‌ఐ అనే పెద్ద లైట్లకి కరెంటు అందించే బలాస్ట్ పెట్టె కూడా అంతే. ఫ్లికర్ (కెమెరాలో వెలుతురు అదరడం) రాకుండా నడిపే మోడ్‌లో కీచుమంటుంది, నిశ్శబ్దంగా ఉండే మోడ్‌లో పెడితే కొన్ని ఫ్రేమ్ రేట్లకి ఫ్లికర్ వస్తుందని కెమెరామెన్ ఒప్పుకోడు.

కొత్త విల్లాల్లో చప్పుడు లేకపోయినా ప్రతిధ్వని ఉంటుంది. లెక్క వేద్దాం. 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉన్న గది ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు. గోడలూ నేలా కప్పూ కలిపి 94 చదరపు మీటర్లు. మార్బుల్, గ్రానైట్, సున్నం గోడలు శబ్దాన్ని సగటున 3 శాతమే పీల్చుకుంటాయి అనుకుంటే, ప్రతిధ్వని లెక్కగట్టే సబీన్ సూత్రం ప్రకారం మాట పూర్తిగా ఆరిపోడానికి దాదాపు 3.4 సెకన్లు. ఫ్రేములో కనపడని వైపు 10 చదరపు మీటర్ల మందపాటి దుప్పట్లు కడితే, అవి సగం పీల్చుకుంటాయి అనుకున్నా, 1.3 సెకన్లకి వస్తుంది. దుప్పట్ల మూటలు చూసి “రాత్రికి ఇక్కడే పడుకుంటారా?” అని అడిగేది ఇందుకే.

నాలుగు మైకులు పెడితే మూడు ఎందుకు గరగరలాడతాయి

వైర్‌లెస్ సంగతి బయటివాళ్లకి మంత్రంలా ఉంటుంది, లోపల ఉన్నది కూడికలూ తీసివేతలే. 500, 501 మెగాహెర్ట్జ్‌లో రెండు ట్రాన్స్‌మిటర్లు దగ్గర దగ్గరగా పనిచేస్తే వాటి కలయికలో కొత్త సిగ్నల్స్ పుడతాయి. మొదటిదాని రెట్టింపులోంచి రెండోది తీసేస్తే 499, రెండోదాని రెట్టింపులోంచి మొదటిది తీసేస్తే 502. మూడో మైకుని “వరసగా ఉంటే గుర్తుంటుంది” అని 502లో పెడితే కరెక్ట్‌గా ఆ దయ్యం మీదే కూర్చున్నట్టు. సమాన దూరాల్లో ఫ్రీక్వెన్సీలు పెట్టకపోవడానికి కారణం ఇదే.

2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచే చవక మైకులకి ఇంకో గండం. వైఫై, బ్లూటూత్ అన్నీ ఆ వీధిలోనే. రిహార్సల్‌లో యాభై మంది ఉన్నప్పుడు పనిచేసిన మైకు, రెండొందల మంది జూనియర్ ఆర్టిస్టులు జేబుల్లో ఫోన్లతో రాగానే తెగిపోతుంది. మనిషి ఒళ్లు కూడా అడ్డే. ట్రాన్స్‌మిటర్ నడుము వెనక, రిసీవర్ ముందు ఉంటే సిగ్నల్ పడిపోతుంది.

“సౌండ్ కోసం వెయిటింగ్”: ఎవరి టైమ్ ఎవరిది

రోజుకి ఇరవై సార్లు, సారికి 45 సెకన్లు విమానాలకీ బండ్లకీ ఆగితే మొత్తం పావుగంట. ఒక పెద్ద ట్రాలీ షాట్ సెటప్ కంటే తక్కువ. అయినా సౌండ్ ఆపినదే గుర్తుంటుంది. లైటింగ్ టైమ్‌లో అందరికీ ఏదో పని, లేదా టీ. విమానం టైమ్‌లో అందరూ రెడీగా నిలబడి, ఆర్టిస్టు ఏడుపు పట్టుకుని కూర్చుని, వంద మంది ఒక మనిషి మొహంలోకి చూస్తుంటారు.

అసిస్టెంట్ డైరెక్టర్ వైపు నుంచి చూస్తే బొమ్మ మారుతుంది. సాయంత్రం వెలుతురు పది నిమిషాలే ఉంటుంది, హీరో డేట్ ఇవాళ్టితో అయిపోతుంది, లొకేషన్ పర్మిషన్ ఆరింటి వరకే. గ్లిజరిన్ పెట్టుకుని కూర్చున్న నటి మూడ్ విమానం వెళ్లేదాకా ఆగదు. ఒక మాట డబ్బింగ్ చేసుకోవచ్చు, ఆ వెలుతురు మళ్లీ తీసుకురాలేం. “పోస్ట్‌లో చూసుకుందాం” అనేది ఎప్పుడూ బద్ధకం కాదు. కానీ ఒకసారి అది సరైన నిర్ణయమైతే, పదిసార్లు అలవాటు.

నా లెక్కలో అసలు తప్పు ఆ పావుగంటలో లేదు, లొకేషన్ చూడ్డానికి వెళ్లిన రోజులో ఉంది. రెక్కీ కారులో డైరెక్టర్, కెమెరామెన్, ఆర్ట్ డైరెక్టర్, మేనేజర్ ఉంటారు. రికార్డిస్ట్‌కి అప్పటికి అడ్వాన్స్ కూడా వెళ్లి ఉండదు. అపార్ట్‌మెంట్ ఎదురుగా కట్టుబడి జరుగుతోందని, పక్క సందులో స్కూలుందని షూటింగ్ మొదటి రోజు పొద్దున ఏడింటికి తెలుస్తుంది. అప్పుడు అతను చేయగలిగింది మొహం చిట్లించడమే.

ప్రాంప్టింగ్, డబ్బింగ్, పాన్ ఇండియా: రెండు వైపులా బలమున్న వాదన

తెలుగు రాని నటీనటులకి కెమెరా పక్క నుంచి డైలాగు అందించడం ఇక్కడ మామూలు. ప్రాంప్టర్ అర వాక్యం ముందుంటాడు, నటి అర వాక్యం వెనక. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఆ ట్రాక్ పైలట్‌కి తప్ప దేనికీ పనికిరాదు. దాదాపు రోజుకో ఎపిసోడ్ నిడివి తీయాల్సిన డైలీ సీరియల్‌లో డైలాగు బట్టీ పట్టే టైమే ఉండదు. అక్కడ ప్రాంప్టింగూ డబ్బింగూ లేకపోతే బండి నడవదు. సింక్ సౌండ్ వాదించేవాళ్లు ఈ ముక్క పట్టించుకోకుండా మాట్లాడితే సీరియల్ వాళ్లు నవ్వుతారు.

డబ్బింగ్ వైపు ఇంకో గట్టి కారణం ఉంది. సినిమాని హిందీ, తమిళం, కన్నడం, మలయాళంలోకి పంపాలంటే మాటలు లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి. డబ్బింగ్ పద్ధతిలో అడుగుల చప్పుడూ కప్పు సాసర్ చప్పుడూ ఎలాగూ ఫోలీలో (తెర చూస్తూ స్టూడియోలో చప్పుళ్లు చేసి రికార్డు చేయడం) విడిగా చేస్తారు కాబట్టి ఆ ట్రాక్ చేతిలో ఉన్నట్టే. సింక్‌లో అవి మాట కిందే అతుక్కుని ఉంటాయి. తెలుగు మాట తీస్తే అవీ పోతాయి. అంటే సింక్‌లో తీసినా ఫోలీ ఖర్చు తప్పదు.

సింక్ వైపు కారణం గొంతులోనే ఉంది. వర్షంలో పరుగెత్తి వచ్చి మాట్లాడినప్పటి ఊపిరి ఆరు నెలల తర్వాత డబ్బింగ్ గదిలో నిలబడి తేవడం కష్టం. గదిలో మైకు దగ్గరగా ఉంటుంది, తెర మీద మనిషి దూరంగా ఉంటాడు. ఆ దూరాన్ని రివర్బ్‌తో (కృత్రిమంగా కలిపే ప్రతిధ్వనితో) నటింపజేయాలి. నేర్పుంటే ఎవరికీ తెలియదు, తొందరలో చేస్తే పిల్లలకీ తెలుస్తుంది.

ఇక ఏఐ నాయిస్ రిడక్షన్. ఏసీ హోరు, జనరేటర్ గుర్రు లాంటివి ఇప్పుడు ఆశ్చర్యపోయేలా తీసేస్తున్నారు. పక్కన ఇంకో మనిషి మాటో, వీధిలో పాటో ఉంటే తడబడుతుంది, ఎందుకంటే అదీ గొంతే. ఎక్కువ పట్టిస్తే స, శ లాంటి ఊది పలికే అక్షరాలు మొద్దుబారతాయి. మన భాషలో ఇంకో చిక్కు: “వచ్చాడు”, “వచ్చాడా”, “వచ్చాడే” తేడా అంతా చివరి అచ్చులో ఉంటుంది. నటులు గొంతు తగ్గించేదీ అక్కడే, హోరు మింగేదీ అక్కడే.

డైలాగు అర్థం కాకపోతే తప్పు ప్రతిసారీ సెట్‌ది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్ద థియేటర్లో 5.1 స్పీకర్లకి చేసిన మిక్స్‌ని ఫోన్లో వింటే నేపథ్య సంగీతం మాట మీదెక్కుతుంది. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు డైలాగు సగటు స్థాయి మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్‌కి (శబ్దం చెవికి ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) 2 యూనిట్లు అటూ ఇటూ ఉండాలని విడిగా మిక్స్ అడిగేది అందుకే.

బోర్డు, టైమ్‌కోడ్, ఎవరూ చదవని సౌండ్ రిపోర్ట్

కెమెరా ఒక ఫైలు, రికార్డర్ ఇంకో ఫైలు. రెండూ కలవాలంటే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ పడే గడియారం ముద్ర) ఒకటై ఉండాలి. సెకనుకి 24 ఫ్రేములంటే ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. రికార్డర్, కెమెరా గడియారాల మధ్య పది లక్షల్లో పది వంతులు తేడా ఉంటే గంటకి 36 మిల్లీసెకన్లు జరుగుతుంది, ఫ్రేముకి కాస్త తక్కువ. అందుకే లంచ్ తర్వాత మళ్లీ కలుపుకుంటారు. కెమెరా సెకనుకి 23.976 ఫ్రేముల్లో ఉండి ఎడిటింగ్ ప్రాజెక్ట్ 24లో ఉంటే కథ వేరు. తేడా వెయ్యికి ఒకటి. 4 నిమిషాల టేకు చివరికి 0.24 సెకను, అంటే దాదాపు 6 ఫ్రేములు. పెదవులు ఒకచోట, మాట ఒకచోట. రికార్డర్లో టైమ్‌కోడ్ 25 అని పెట్టుంటే స్పీడు మారదు గానీ ఫైళ్లు తమంతట తాము జతకూడవు.

ప్రతి టేకుకీ రికార్డిస్ట్ రిపోర్ట్ రాస్తాడు. “టేకు 3, రెండో లైన్ మీద ఫ్లైట్. టేకు 5, గాజులు. టేకు 6 ఓకే, ల్యాపెల్ వాడండి.” చాలా చోట్ల ఎడిటింగ్ అసిస్టెంట్ కెమెరా సొంత మైకు ఆడియోతోనే రఫ్ కట్ వేసుకుంటాడు. డైరెక్టర్‌కి నటన నచ్చి టేకు 3 తీసుకుంటాడు. కట్ లాక్ అయ్యాక (ఎడిటింగ్ ఖరారయ్యాక), సౌండ్ ఫైళ్లు తెరిచిన రోజు ఆ విమానం దొరుకుతుంది.

టైమ్‌కోడ్ పోయినా కాపాడేది క్లాప్ బోర్డే. రెండు చెక్కలు కలిసిన ఫ్రేమునీ, వేవ్‌ఫామ్‌లో (శబ్దాన్ని బొమ్మగా చూపే గ్రాఫులో) ఆ చప్పుడు గీతనీ ఒకచోట పెడితే చాలు. పసిపిల్లలో, పక్షులో, ఏడుపు సీన్లో ఉన్నప్పుడు ముందు క్లాప్ కొడితే చెడుతుందని టేకు చివర్లో కొడతారు. ఇది ఎండ్ క్లాప్ అని ఎడిటర్‌కి తెలియడానికి బోర్డు తలకిందులుగా పట్టుకుంటారు. అది తెలియక “ఏయ్, బోర్డు సరిగ్గా పట్టుకో” అని టేకు మీదే అరిచేవాడు ఎక్కడో అక్కడ తగులుతాడు, ఆ అరుపు కూడా ట్రాక్‌లోకి శుభ్రంగా వస్తుంది.